మసి దిగిన స్టేజీ

కండక్టరమ్మ రిటైరైంది గాని ఆమె గొంతు రిటైరవలేదు. ఇంట్లో తలుపు గొళ్ళెం పడినా, గిన్నె మీద మూత పడినా, ఆ చప్పుడు వెనకే "రైట్" అనేస్తుంది. ఉద్యోగమంతా ఒకే బస్సు, ఒకే డ్రైవరు. అతను ఏనాడూ తల తిప్పి వెనక్కి చూడలేదు. ఆఖరి మనిషి రెండో కాలు మెట్టు మీదికి వచ్చిందో లేదో ఆమె చూసేది. ఆమె రైట్ అంటేనే బస్సు కదిలేది. పెళ్ళి కూడా అలాగే అయిందని డిపోలో నవ్వుకునేవారు: ఆయన ఏళ్ళ తరబడి ఇంజను ఆన్ చేసుకుని కూర్చుంటే, చివరికి విసుగొచ్చి ఆవిడే రైట్ అందట.

ఇప్పుడు వాళ్ళకో సొంత వ్యాను ఉంది. ఒకప్పుడు రొట్టెలు మోసిన బండి. లోపల మడతమంచం, చిన్న పొయ్యి, కిటికీకి పూల తెర పెట్టించుకున్నారు. ఎండ పడితే ఇప్పటికీ ఏ మూలనుంచో కాల్చిన పిండి వాసన కలలా లేస్తుంది. అందులో సముద్రం చూడటానికి బయల్దేరారు. తొందరేం లేదు. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. మంచం కింద మసి మాత్రం ఉంది. వానగుంటలో దొరికిన నల్లకుక్క. హారన్ వింటే తోక కాళ్ళ మధ్య దాచుకుని ముడుచుకుపోయే పిరికిది.

ఆమెకి పొద్దుటినుంచీ కాళ్ళు నిలవడం లేదు. గ్యాసు కట్టేశామా, మసి నీళ్ళు తాగిందా, ఆ కిర్రుమనేది ఏమిటి.

"సముద్రానికే గదా పోతున్నాం, యుద్ధానికి కాదుగా! కాస్త కాళ్ళు చాపుకోవే," అన్నాడు డ్రైవరు.

"చాపితే మీ బ్రేకుకి మీ ఒళ్ళో వచ్చి పడతాను. మీ సంగతి నాకు తెలీదూ?"

దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగారు. అతను టైర్లకి తలా ఒక తన్ను తన్ని వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఆమె బండి లోపల వెనకవైపు గ్లాసులు కడుగుతోంది. చేతుల నిండా నురగ, మనసు నిండా ఇంకా చూడని సముద్రం. గాలికి పక్కతలుపు ధడేలున పడింది. ఆ చప్పుడు చెవిన పడగానే మాట దానంతటదే జారింది.

"రైట్."

వ్యాను కదిలింది.

చాలా దూరం వెళ్ళాక ఆమె బిస్కెట్ల పొట్లం చింపింది. ఆ చప్పుడుకి మసి ఎంత నిద్రలో ఉన్నా లేచొస్తుంది. రాలేదు. ఆమె వంగి మంచం కింద చూసింది. పాత దుప్పటిలో గుండ్రటి గుంట. చెయ్యి పెడితే చల్లగా ఉంది.

"హోల్డాన్!"

అతని కాలు బ్రేకు మీద పడ్డాకే అతనికి సంగతి అర్థమైంది.

"దిగిపోయిందా? ఎక్కడ?"

"టీ కొట్టు దగ్గరే అయ్యుంటుంది. మీరు చూడలేదూ?"

"నేనెప్పుడు చూశాను? నువ్వు రైట్ అన్నావు."

అందులో నింద లేదు. ఉన్నమాట. అందుకే అది ఆమె గుండెలో ముల్లులా దిగింది.

టీ కొట్టావిడ వెనక్కి తిరిగొచ్చిన వీళ్ళని చూడగానే కెటిల్ పక్కన పెట్టేసింది. "నల్లదేనా? మీ బండి వెనకే పడి పరిగెత్తిందమ్మా! పిలిచాను, ఆగితేనా!"

"ఎటు పోయింది?"

"ఎటేమిటి? మీరెటు పోతే అటే."

మళ్ళీ అదే రోడ్డు, ఈసారి నత్తనడక. ఆమె తలుపు తెరిచి, కడ్డీ పట్టుకుని, మెట్టు మీద నిలబడింది. "మసీ!" అని అరుస్తోంది. రోడ్డు మీద నల్లటి ప్రతిదీ ఆమె ఊపిరి లాగేస్తోంది. ఒకటి సంచి. ఒకటి తారు మరక. ఇంకొకటి దగ్గరికొచ్చేదాకా ఆమె కళ్ళు మూసుకుంది.

"టైరు ముక్క," అన్నాడు అతను మెల్లగా. "టైరు ముక్కేనే. కళ్ళు తెరువు."

రోడ్డు రెండుగా చీలే చోట, బోర్డు నీడలో మసి కూర్చుని ఉంది. ఇందాక కంగారులో దాని పక్కనుంచే వెళ్ళి ఉంటారు. ఒకసారి ఈ దారి వైపు, ఒకసారి ఆ దారి వైపు చూస్తోంది. బండి ఎటు పోయిందో తెలియక అక్కడే ఆగిపోయింది. పాదాలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఆమెని చూసి లేవలేదు, తోక మాత్రం దుమ్ములో ఒకసారి కొట్టింది. డ్రైవరే దిగి, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఇంజను ఆన్ అయింది. వ్యాను మాత్రం కదల్లేదు.

"పోనివ్వండి," అంది.

"అది కాదుగా నువ్వు అనేది."

"నేనిక అనను. మీరే తిరిగి చూసుకోండి. నా నోటి మీద నాకే నమ్మకం లేదు."

"ఈ వయసులో మెడ తిప్పడం నేర్చుకోమంటావా? పట్టేస్తుందే."

ఆమె నవ్వలేదు. వెనక లారీ హారన్ మోగింది. మసి వణికి ఆమె చంకలో తల దూర్చింది.

"కదలండీ! వాడు తిడుతున్నాడు."

"తిట్టనీ," అన్నాడు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి. తల తిప్పలేదు.

ఆమె లేచి తలుపు లాగి చూసింది. గొళ్ళెం తడిమింది. మసి వీపు మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసింది. అప్పుడు ఆ మాట అంది. జన్మలో మొదటిసారి అంటున్నట్టు, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ అంది.

వ్యాను కదిలింది. గాలిలోకి మెల్లగా ఉప్పు చేరింది. "అదిగో, కనబడిందోయ్!" అని డ్రైవరు చిన్నపిల్లాడిలా కేకేసినప్పుడు కూడా, కండక్టరమ్మ చెయ్యి కుక్క మెడ మీదే ఉంది, చూపు తలుపు మీదే ఉంది.