నలభై దాటని కారు

కారు నడపడం కన్నా, మన దగ్గర కారు ఉందని నలుగురికీ తెలియడమే ముఖ్యమనుకునే వయసు అది. ఆ రోజుల్లో నేను నిజామాబాదులో ఉంటూ రోజూ బోధన్‌లో ఒక చిన్న ఆఫీసుకు బస్సులో వెళ్లొచ్చేవాణ్ణి. అలాంటి నేను ఒక డాక్టరుగారి పెరట్లో కోళ్లు గుడ్లు పెడుతున్న పాత అంబాసిడర్‌ను కొనేశాను. (కోళ్లను ఖాళీ చేయించడానికి వారం పట్టింది. కారును తీసుకెళ్తుంటే ఒక కోడి గేటుదాకా వెంట వచ్చింది.) కారుకు అన్నీ ఉన్నాయి, ఇంజన్‌లో ప్రాణం తప్ప.

ప్రాణం పోయగలవాడు ఊళ్లో ఒక్కడే అన్నారు. అందరూ ఆయన్ని చెవి మిస్త్రి అనేవారు. వారమంతా షెడ్డులో ఇంజన్లు విప్పి కట్టేవాడు, ఆదివారం షెడ్డు మూసి చర్చిలో హార్మోనియం వాయించేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటూ "రెండో సిలిండర్ గొంతు జర కీచుగుంది" అనేవాడు. నా ఇంజన్‌కు సిలిండర్లు సాపు చేసే బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి, నెల రోజులు కూర్చుని కట్టాడు. అప్పగించే రోజు బానెట్ మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశాడు. ఆమెన్ అంటూనే కళ్లు తెరిచి నా వైపు వేలు చూపించాడు.

"వెయ్యి కిలోమీటర్ల దాంక నలభై దాటనియ్యకు బిడ్డా. లోపల సామానంత కొత్తది, ఒకదాంతోని ఒకటి కలవాలె. కొత్త కోడలు ఇంట్లకు రాంగనే పొలం దున్నుమంటమా? వెయ్యి అయినంక తీస్కరా. గప్పుడు కూసొని సుతి కలుపుత."

నేను తల ఊపి ఊరుకోలేదు. వెనక అద్దం మీద పసుపు రంగుతో 'కొత్త ఇంజన్. నలభై దాటను. మీరు పోండి' అని రాయించాను. ఆ మాట అందరూ మన్నించారు. చెరుకు ట్రాక్టర్లు పోయాయి, పసుపు బస్తాల ఆటోలు పోయాయి. ఒకరోజు మోపెడ్ మీద మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన కూడా నన్ను దాటి పోయాడు. మేకపిల్ల మెడ తిప్పి నన్ను చాలాసేపు చూసింది. అంతకుముందు రోజూ బస్సులో నన్ను చూసిన కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి "సార్, ఎక్కుతరా?" అని అరిచేవాడు. అయినా నేను చలించలేదు. ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా నా అంత నిష్ఠ గలవాడు జిల్లాలో లేడు.

అప్పుడు దిగాడు మా బావ, అంటే అక్క మొగుడు. బోధన్ నుంచి తిరిగొస్తుంటే కొత్త మోటార్‌సైకిల్ మీద వచ్చి నా కిటికీ పక్కనే, నా వేగంతోనే, ఒక చేత్తో చెరుకు ముక్క నములుతూ నడపసాగాడు.

"బామ్మర్దీ, గిది కారా, శవయాత్రనా? ముంగట పేలాలు చల్లుకుంట పోవాల్నా?"

పక్క చేనులో చెరుకు కొడుతున్న మరాఠీ కూలీలు పనాపి నవ్వారు. (మాట అర్థమై నవ్వారో, నన్ను చూసి నవ్వారో ఇప్పటికీ తెలియదు.) ఆ క్షణంలో నా కాలు నా మాట వినలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. కాలు నా మాటే విన్నది. అరవై, ఎనభై, తొంభై. అద్దంలో బావ ఈగంత అయ్యాడు. నాలుగు కిలోమీటర్లు రాజులా వెళ్లాను. తర్వాత మాడు వాసన వచ్చింది, ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి పట్టేసి ఆగిపోయింది. చివరికి ఒక చెరుకు ట్రాక్టర్ తాడు కట్టి లాక్కుపోయింది. చెరుకు ఆకులు ఊరు వచ్చేదాకా ముందు అద్దాన్ని ఊడుస్తూనే ఉన్నాయి. వెనక 'నలభై దాటను' చదివిన వాళ్లంతా నిజమేనని తలలూపారు.

మిస్త్రి ఒక్కటే అడిగాడు. "నలభై దాటిందా బిడ్డా?"

"లేదు తాతా. ఒట్టు," అన్నాను. పక్కన బావ షెడ్డు రేకుల తుప్పును శ్రద్ధగా చూస్తున్నాడు.

ఇంజన్ విప్పాక ఆయన పిస్టన్ మీద గీతల్ని వేలితో చాలాసేపు తడిమాడు. అలాంటి గీతలు రెండు కారణాలకు పడతాయట. నడిపినవాడు ఉరికించినా పడతాయి, కట్టినవాడు బిగువుగా కట్టినా పడతాయి. ఉరికించలేదని నేను ఒట్టు పెట్టాను. ఇక మిగిలింది ఆయన చెయ్యే.

"అయితె నా చెయ్యే తప్పింది," అన్నాడు మెల్లగా.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. సిగ్గుతో మింగేశాను. ఆయన మళ్లీ మొదటినుంచి కట్టాడు, నేను ఈసారి వెయ్యి కిలోమీటర్లూ నలభై దాటకుండానే నడిపాను. సుతి కలిపే రోజు ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, కార్బురేటర్ మర పావు తిప్పు తిప్పి ఆగాడు. ఎప్పుడూ ఎవరినీ అడగనివాడు నన్ను అడిగాడు. "నీకెట్ల వినొస్తుంది బిడ్డా? మంచిగుందా?" ఆ తర్వాత ఆయన ఇంకో ఇంజన్ విప్పలేదు. ఎవరొచ్చినా "నా చెయ్యి మీద నాకే ఇమానం లేదు" అని పంపేసి, పంక్చర్లు వేసుకుంటూ కూర్చున్నాడు.

ఇరవై ఏళ్లు పట్టింది నాకు ధైర్యం రావడానికి. పోయినేడు ఒక ఆదివారం అదే కారులో ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్నాడు. చెవులు పూర్తిగా పోయాయి. "తాతా, ఆ దినం తొంభై పోయిన. తప్పు నాది. నీ చెయ్యి తప్పలే!" అన్నాను. ఆయన నవ్వాడు. ఇంకా గట్టిగా అరిచాను. ఎదురింటి దర్జీ మిషన్ ఆపాడు, పైఅంతస్తుల కిటికీలు తెరుచుకున్నాయి. నా నేరం గల్లీ అంతా విన్నది, ఒక్క ఆయన తప్ప.

కాగితం తీసి రాయబోతుంటే ఆయన భార్య బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "గిప్పుడొద్దు బిడ్డా. చెయ్యి పోయిందని హార్మోనియం గూడ ముట్టకుండ బతికిండు. గదంత ఉత్తగనే అని గిప్పుడు తెలిస్తె ఎట్ల ఓర్సుకుంటడు?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మిస్త్రి లేచి కారు దగ్గరికి వచ్చి, నేను ఆపడం మరిచిన ఇంజన్ పైన బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "మంచిగుంది," అన్నాడు. "నలభై దాటనియ్యకు."

దాటనివ్వడం లేదు. రోడ్డు మీద అందరూ హారన్ కొడతారు, కొందరు తిడతారు. జుట్టు నెరిసిన బావ పక్క సీట్లో కూర్చుంటాడు గానీ పేలాల మాట ఎత్తడు. వెనక అద్దం మీద పసుపు అక్షరాలు చెరిగిపోతే మొన్ననే మళ్లీ రాయించాను. 'కొత్త ఇంజన్' అన్న ముక్క ఒక్కటి తీసేయమన్నాను. మిగతాది అలాగే ఉంది.