అల్లుడి ఈక

ఈకలక్క ఉద్యోగమేమిటో చెబితే కొత్తవాళ్లు ముందు నవ్వుతారు. అంతరించిపోతున్న పక్షుల ఈకలు ఆవిడ ల్యాబుకి కవర్లలో వస్తాయి. ఆ పక్షి ఆడో మగో తేల్చి చెప్పడం ఆవిడ పని. చూడగానే తెలియదా అంటారు. తెలియదు మహాప్రభో! చాలా పక్షుల్లో ఆడా మగా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఈక మొదట్లో అంటుకున్న పిసరంత కండలోంచి డీఎన్ఏ తీసి, మిషన్లో దానికి లక్షల నకళ్లు తీసి, జెల్ అనే జిగురు పలక మీద నడిపించాలి. ఒక గీత పడితే మగ, రెండు పడితే ఆడ. ఆవిడ మొగుడు టైలరు. దుకాణానికి ఎవరొచ్చినా, మా ఆవిడ పక్షులకి సంబంధాలు చూస్తుందండీ అని గొప్పగా చెబుతాడు. ఆవిడా కాదనదు.

ఆ మధ్య పక్షుల కేంద్రం నుంచి రెండు కవర్లు వచ్చాయి. అక్కడ పక్షుల్ని సాకే పెద్దాయన ఒక నీలి అడవిపావురాన్ని పిల్లగా ఉన్నప్పటినుంచీ చేత్తో మేపి పెంచాడు. దానికి "అమ్మాయి" అని పేరు పెట్టుకున్నాడు. తరవాత ఇంకోచోటి నుంచి జోడీగా తెచ్చిన పక్షి ఇక "అల్లుడు" కాక ఏమవుతుంది? ఆ జాతిలో మిగిలినవే గుప్పెడు. ఈ జంట ఏటేటా గుడ్లు పెడుతోంది గానీ ఒక్కటీ పిల్ల కావడం లేదు.

రెండు కవర్ల ఈకలకీ రెండేసి గీతలు పడ్డాయి. అంటే రెండూ ఆడవే. అదీ సంగతి అనుకున్నారు కేంద్రం పెద్దసారు. అల్లుడిని వేరేచోటికి పంపేసి మగపక్షిని తెప్పిద్దామన్నారు. తీసుకెళ్లే పెట్టె కూడా సిద్ధమైపోయింది.

అప్పుడు పెద్దాయన ఈకలక్కకి ఫోన్ చేశాడు. ఒకసారి వైద్యానికని అల్లుడిని తీసుకెళ్తే, తిరిగొచ్చేదాకా అమ్మాయి గింజ ముట్టలేదట. ఈసారి తిరిగి రావడమనేదే లేదు, నా బిడ్డ బతకదమ్మా అన్నాడు. మిషన్ అబద్ధం చెప్పదు బాబాయ్ అందామనుకుంది ఈకలక్క. అంతలో ఆ ఈకలు గుర్తొచ్చాయి. పీకిన ఈక మొదలు తడిగా, కాస్త నెత్తురు అంటి ఉంటుంది. ఆ రెండూ ఎండిపోయి ఉన్నాయి. కత్తిరించేటప్పుడే చూసింది. పని తెమిలితే చాలని ఊరుకుంది.

"బాబాయ్, నిజం చెప్పండి. అవి పీకారా, కిందపడ్డవి ఏరారా?"

"పీకడానికి చేతులు రాలేదమ్మా. ఒక్కో గదిలోంచి ఒకటి ఏరాను."

ఈకలక్కకి ఒళ్లు మండింది. సగం ఆయన మీద, సగం తన మీద. మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కింది.

వలకట్టిన రెండు గదులు, మధ్యలో చిన్న తలుపు, మూల ఆ పెట్టె. పగలంతా తలుపు తీసే ఉంటుంది, పక్షులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఎవరి ఈక ఎక్కడ రాలిందో ఎవడు చెప్పగలడు? గుడ్లు పడ్డాక మాత్రం సాయంత్రం కాగానే అల్లుడిని పక్కగదిలోకి తోలి తలుపేస్తాడట, పగలంతా పొదిగిన తల్లి రాత్రయినా హాయిగా పడుకోవాలని. ఆ మాటలు చెబుతూనే పెద్దాయన అమ్మాయిని తువ్వాల్లో చుట్టి గుండెకి ఆనించుకున్నాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఈకలక్క పుటుక్కున పీకింది. పక్షి కంటే ఆయనే ఎక్కువ వణికాడు. అల్లుడి దగ్గర మాత్రం అంత బాధ పడలేదు, ఎంతైనా అల్లుడు కదా.

ఈసారి తొందరపడకుండా రెండుసార్లు పరీక్ష చేసి, అప్పుడు ఫోన్ చేసింది.

"బాబాయ్, మీ అల్లుడు ఆడపక్షే."

"అయితే పెట్టెలో పెట్టాల్సిందేనా అమ్మా?" అన్నాడాయన.

"ఎక్కడికీ పంపక్కర్లేదు. మీరు మొదట ఏరిన ఈకలు రెండూ దానివే. మీ అమ్మాయి మగపక్షి. పిట్టల జోడీ సరైనదే, మన వరసలే తప్పు."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. మామూలు పావురాల్లో పగలు తండ్రి, రాత్రి తల్లి వంతులవారీగా పొదుగుతాయని ఆయనకి చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ ఒకసారి అమ్మాయి అని పిలిచాక, గూట్లో పగలు కూర్చుంది తండ్రేమోనన్న ఆలోచనే తట్టలేదు.

"అయితే ఇన్నేళ్లూ రాత్రిపూట నేను తలుపేసి గుడ్లకి దూరం చేసింది తల్లినన్నమాట," అన్నాడు పెద్దాయన.

తండ్రి రాత్రి పొదగడు, గుడ్లు చల్లబడిపోయింది అందుకే. ఈకలక్కకి ఏడుపొచ్చింది. ఇక ఆ తలుపు వేయకండి బాబాయ్ అని మాత్రం అనగలిగింది. ఆ సాయంత్రం సంగతంతా విన్న టైలరు కూడా సంబంధాల జోకు వేయలేదు.

మళ్లీ గుడ్ల కాలం వచ్చి వెళ్లింది. ఒకరోజు కేంద్రం నుంచి ఒకే ఒక్క కవరు వచ్చింది. లోపల ఇంకా సరిగ్గా విచ్చుకోని బుల్లి ఈక. దాని మొదట్లో నెత్తురు మరక. ఈకలక్క దాన్ని దీపం కింద పట్టుకుని చూస్తుండగానే ఫోన్ మోగింది.

"నేనే పీకానమ్మా. కీచుమంది, ఓర్చుకున్నాను," అన్నాడు పెద్దాయన. "మీరు చెప్పేదాకా దాన్ని ఏమనీ పిలవను."

ఈకలక్క మిగతా కవర్లన్నీ పక్కకి జరిపి, ఆ ఈకనే ముందు పెట్టుకుంది.