ఏడో మలుపుకి కాలువ

మా పెదనాన్న కొండరోడ్డుకి మేస్త్రీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ పద్నాలుగు కిలోమీటర్లూ తవ్వడం, పూడ్చడం, మళ్ళీ తవ్వడం ఆయన పని. గుంత పూడ్చిన ప్రతిచోటా గ్లాసునిండా నీళ్ళు పట్టుకుని, ఒంటిచేత్తో సైకిలు తొక్కి చూసేవాడు. చుక్క తొణికితే మళ్ళీ తవ్వించేవాడు. కూలీలు చాటున తిట్టుకునేవాళ్ళు. మా ఇంజనీరు నవ్వేవాడు. ఆయనగారు పని తనిఖీ చేసేది కారు అద్దం దించకుండా.

పెదనాన్నకి ఒకటే బెంగ, ఏడో మలుపు. అక్కడ కొండలోంచి నీళ్ళు ఊరుతూ తారు కిందకి దిగుతాయి. పక్కన కాలువ తవ్వమని తొమ్మిదేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. ఆయన కూతురు, అంటే మా అక్క, రోజూ ఆ దారినే స్కూటరు మీద కొండమీది బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తుంది. రెండుసార్లు జారిపడింది. రెండోసారి మణికట్టు విరిగింది.

అలాంటి రోజుల్లో మా మునిసిపల్ చైర్మన్‌గారికి అంతర్జాతీయ సైకిలు పందెం మా ఊరికి తేవాలని బుద్ధి పుట్టింది. ఆయన సైకిలెక్కి నలభై ఏళ్ళయింది, అది సైకిలు చేసుకున్న పుణ్యం. మునిసిపల్ ఆఫీసులో ఇంగ్లీషొచ్చిన గుమాస్తాని నేనొక్కణ్ణే కాబట్టి దరఖాస్తు నేనే టైపు చేశాను. ముప్పై పేజీలు. హోటళ్ళూ, టీవీలో బాగా కనబడే కొండల ఫొటోలూ, పందెం నడిపేవాళ్ళకి ఆతిథ్య రుసుం కింద ఎంత కడతామన్న హామీలూ. రోడ్డు గురించి అరపేజీ.

"పందెం వస్తే కాలువ కూడా వస్తుందిరా," అన్నాడు పెదనాన్న. అంత పిచ్చి నమ్మకం.

ఊరు చూసి తేల్చడానికి పందెం కమిటీ వచ్చే ముందు వారం, రోడ్డు వెడల్పులో పైకెక్కే సగానికే తారు పూయమన్నారు.

"మరి దిగే సగం సార్?" అని అడిగాడు పెదనాన్న.

"వాళ్ళు కార్లో ఎక్కుతారు, పైన భోంచేస్తారు, దిగేటప్పుడు నిద్రపోతారు," అన్నాడు ఇంజనీరు. పైన పటారం, లోన లొటారం. మా ఆఫీసుకి వేరే బోర్డు అక్కర్లేదు.

కమిటీవాళ్ళు ముగ్గురు. ఇద్దరు హోటల్ గదులు లెక్కపెట్టి, పరుపులు నొక్కి చూశారు. మూడో ఆయన మాత్రం ఏడో మలుపులో కారాపించి దిగాడు. రోడ్డు చూసుకునేది ఎవరని అడిగి, ఇక్కడ ఇబ్బందేమైనా ఉందేమో కనుక్కోమని, దుబాసీగా వెంట వచ్చిన నాతో ఇంగ్లీషులో అన్నాడు.

అక్కడే పనిలో ఉన్న పెదనాన్న చేతులు లుంగీకి తుడుచుకుని తొమ్మిదేళ్ళ గోడంతా చెప్పాడు. "కాలువ పడేదాకా ఇక్కడ ఎవర్నీ సైకిలు తొక్కనివ్వద్దని చెప్పరా," అన్నాడు.

మాతో వచ్చిన చైర్మన్ నావైపు చూశాడు. నాలాంటివాడికి ఆ చూపు చాలు. "ఏ లోపమూ లేదంటున్నాడు" అని చెప్పాను. ఆ పెద్దమనిషి అది రాసుకుని పెదనాన్నకి చెయ్యి కలిపాడు. పెదనాన్న మొహం వెలిగిపోయింది. నేను సిగ్గుతో చావాల్సింది. చావలేదు, భోజనానికి వెళ్ళాను.

పందెం వేరే ఊరికి పోయింది. అక్కడ రెండొందల గదులు ఎక్కువట.

నెల తిరిగాక పెదనాన్న మళ్ళీ అర్జీ పెట్టాడు. వారం రోజుల్లో జవాబొచ్చింది, అంత వేగం మా ఆఫీసులో ఎన్నడూ చూళ్ళేదు. పొద్దున్నే ఆ కాగితం నా చేతికిచ్చి, "ఇంగ్లీషులో ఉంది, ఏమన్నారో చెప్పు," అన్నాడు.

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడో మలుపులో ఏ లోపమూ లేదని ఈ మేస్త్రీయే అంతర్జాతీయ నిపుణులకి స్వయంగా చెప్పాడని, అది వాళ్ళ నివేదికలోనే ఉందని, కాబట్టి కాలువ అక్కర్లేదని, ఇకమీదట అర్జీలు తీసుకోబోమని.

"నేనలా అన్నానా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే గుర్తుతెచ్చుకోబోతున్నాడు.

"లేదు పెదనాన్నా. నేనన్నాను."

బయట అక్క స్కూటరు తీస్తోంది. పెదనాన్న నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచాడు.

"అది బయల్దేరుతోంది," అన్నాడు. "వెళ్ళి ఆ మాట దానికి కూడా చెప్పు. ఏ లోపమూ లేదని."