జగన్నాధం రాసే చివరి మాట

శ్రీకాకుళంలో కలెక్టరాఫీసు అరుగు మీద జగన్నాధం అర్జీలు రాసేవాడు. పక్కనే నేను స్టాంపులు అమ్మేవాణ్ణి. ఏ అర్జీ అయినా చివర్లో 'అక్సీడ్' అనే ఇంగ్లీషు మాట పెట్టందే ఆయన కలం మూసేవాడు కాదు.

"ఒప్పుకోడమేరా. అయితే నువ్వూ నేనూ ఒప్పుకుంటే ఆ మాట వాడరు. పైనున్నోడు కిందోడి మొర ఇని, దయతలిచి ఒప్పుకుంటే అది అక్సీడ్," అనేవాడు, అర్థం అడిగితే.

అరవై ఎనిమిదిలో, శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు పల్లె నుంచి దానమ్మ వచ్చింది. ఆమె మొగుడు కూర్మయ్య చేపల వేటకెళ్లి రెండేళ్లయింది. తెప్ప ఒడ్డుకొచ్చింది, మనిషి రాలేదు. పల్లెవాళ్లు అతని పంచె ఇసకలో పాతి దినాలు చేసేశారు. ఆఫీసు మాత్రం శవం చూపిస్తేగాని చచ్చిపోయినట్టు రాయనంది. సముద్రాన్ని అడగమనాల్సింది వెధవల్ని.

జగన్నాధం మూడు అర్జీలు రాశాడు, చివరి మాట అర్థం దానమ్మకీ చెప్పాడు. మూడోదానికి జవాబొచ్చింది. దానమ్మ ఆ కాగితం తెచ్చి, "నీ మాట ఇందులో ఉన్నాదా బాబూ?" అని అడిగింది.

"ఉన్నాది," అన్నాడాయన. ఆమె మొహం తేటపడింది. ఆయన తల దించుకుని, "దాని ముందర కుదరదని కూడా ఉన్నాదమ్మా. ఆ మాట అక్కణ్ణించి ఎప్పుడొచ్చినా అలాగే వస్తాది," అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఆ సంగతి ఆయనకి తెలుసని నాకా రోజే తెలిసింది.

అయినా కొత్త కాగితం తీశాడు. తిట్టుకుంటూనే నేను ఒక స్టాంపు చింపి ఇచ్చాను.

దానమ్మ ముందుకి వంగి, "ఈపాలి ఆ మాట కాస్త పెద్దగా రాయి బాబూ," అంది.