ఫోనొచ్చింది, చేతులు తియ్యండి

మా అత్తమ్మ పోయిన కబురు కూడా మా ఇంట్లో నెట్ కట్ చేసే వచ్చింది.

వంటింటి కిటికీలో పెట్టిన ఆమె ఫోను మోగింది. ముందు గదిలో ముగ్గురి కంప్యూటర్లు, వంటింట్లో ఇంకొకటి, ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చూస్తే కొత్త నంబరు. ఖమ్మం దవాఖానాలో చేర్చినప్పటినుంచీ పక్క మంచాల వాళ్ళ ఫోన్లు అడుక్కుని, నేను ఎత్తుతున్నానో లేదో పరీక్ష పెట్టడం ఆమెకు ఒక పనైపోయింది. "ఎత్తినవా? మంచిది" అని పెట్టేసేది. ఆ ఒక్క మాటకోసం నలుగురి పని నాశనం. ఒళ్ళు మండి, "ఎత్తిన అత్తమ్మా, ఎత్తిన! ఇగ పెట్టెయ్" అని అరిచాను. అవతల మా ఆయన ఏడుస్తున్నాడు.

ఆమె గురించి ఏదైనా రాయమని బంధువులు అడిగారు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వెన్న పూసి రాస్తారు. నాకు చేతకాదు. ఆమెతో నేను ఒక ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజుకోసారైనా నెత్తి కొట్టుకున్నాను. అది దాచి రాస్తే ఆమె ఎవరో మీకు తెలియదు.

మాది కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో రోడ్డు వదిలి, అడవి వైపు లోపలికి తిరిగితే వచ్చే ఊరు. మా ఆయనది బొగ్గుగనిలో ఉద్యోగం. నేను కంప్యూటర్ కోర్సు చేసి ఇంట్లో ఊరికే కూర్చోలేక నెట్ సెంటర్ పెడతానన్నాను. బ్రాడ్‌బ్యాండ్ కోసం దరఖాస్తు పెడితే మీ ఊరికి లైన్ రావడానికి టైం పడుతుందన్నారు. ఆ టైం ఏళ్ళకు పోయింది. చివరికి తేలిందేమిటంటే, సెల్‌ఫోనును కేబుల్‌తో ఒక కంప్యూటర్‌కు తగిలించి, దాన్నుంచి స్విచ్ బాక్సు ద్వారా వైర్లు లాగి మిగతా కంప్యూటర్లకు నెట్ పంచుకోవచ్చు. నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది.

అక్కడే నా కర్మ మొదలైంది. కేబుల్ పట్టే ఫోను ఇంట్లో ఒక్కటే, అది అత్తమ్మది. కొడుకు ముచ్చటపడి కొనిచ్చింది. సిగ్నల్ దొరికేది ఇల్లంతటికీ ఒక్క చోట, అది అత్తమ్మ వంటింటి కిటికీ. కేబుల్ పొడవేమో మూరెడు. కాబట్టి పెద్ద కంప్యూటర్, స్విచ్ బాక్సు రెండూ వంటింట్లోకి వచ్చాయి. పోపు డబ్బా పక్కన కీబోర్డు. కిటికీ కింద పీట వేసుకుని కత్తిపీటతో అత్తమ్మ. లోకంలో ఇంకెక్కడా నెట్ సెంటర్ ఇట్లా నడిచి ఉండదు.

ఫోను మోగితే నెట్ ఆగుతుంది. ఎత్తితే తెగుతుంది. మళ్ళీ మొదటినుంచి కలపాలి, జనం నింపుకున్న ఫారాలు మళ్ళీ మొదటినుంచి నింపాలి. ఈ సంగతి ఆమెకు ఎన్ని విధాల చెప్పానో! కాల్ వస్తే ఎత్తకు అత్తమ్మా, దానంతటదే ఆగిపోతుంది, సాయంత్రం మనమే చేద్దాం అన్నాను.

"మోగుతుంటే ఎత్తకుండ ఎట్లుంటనే? వాకిట్ల మనిషి నిలబడి పిలుస్తుంటే తలుపు తియ్యవా?"

"అది మనిషి కాదు, ఫోను."

"ఫోను దానంతటదే మోగుతదా? అవతల మనిషి లేడా?"

సరే, ఎంతమంది చేస్తారులే, ఆమె చెల్లెలు, నా ఆడబిడ్డలు ఇద్దరు అనుకున్నాను. చేసేది వాళ్ళు కాదు. శనివారం సంతకు అడవి లోపలి గూడేలనుంచి చింతపండు, ఇప్పపువ్వు, చీపుళ్ళు తెచ్చుకునే ఆడవాళ్ళు అమ్ముకుంటూ మా అరుగు మీద కాసేపు కూర్చునేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలోంచి మిరపకోతలకు దూరం పోయినవాళ్ళు ఉంటారు, హాస్టళ్ళలో చదివే పిల్లలు ఉంటారు. అత్తమ్మ మంచినీళ్ళు ఇచ్చినట్టే ప్రతివాళ్ళకూ ఫోన్ నంబరు ఇచ్చేసింది. "ఏమన్న అయితే గీ నంబరుకు చెయ్యమనుండ్రి, నేను చెప్తా." ఇక చూడండి. మిరపతోటల్లోంచి, హాస్టల్ వార్డెన్ గదుల్లోంచి, ఏదో ఊరి కాయిన్ బాక్సులోంచి కాల్సే కాల్స్. పిల్లకు జ్వరం తగ్గిందని, కోత ఇంకో వారం ఉందని, అన్నకు కొడుకు పుట్టిండని. విన్నది విన్నట్టు బస్సు కండక్టరుకో, సంతకు వచ్చిన పక్క గూడెం మనిషికో అప్పజెప్పేది. రాంగ్ నంబర్లతో కూడా ఊరూపేరూ కనుక్కుని మరీ మాట్లాడేది.

ఇంకో ఫోను, ఇంకో సిమ్ కొందాం, నెట్టుకు అది వేరే ఉంటుంది అన్నాడు మా ఆయన, నా పోరు పడలేక. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "మంచి మాటన్నవ్ బిడ్డా. వాగు అవతలి గూడేలోళ్ళకు ఆ నంబరిస్త." ఆ ఆలోచన అంతటితో మానుకున్నాం.

చివరికి ఆమే ఒక పద్ధతి పెట్టింది. ఫోను మోగగానే ఎత్తేముందు, ముందు గదికి వినపడేలా కేక వేసేది. "ఫోనొచ్చింది, చేతులు తియ్యండి!" కీబోర్డు మీద చేతులుంటే ఏదో అయిపోతుందని ఆమె నమ్మకం. అట్లా ఏమీ కాదని నేను చెప్పబోతే, అప్పటికే అందరూ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మాట్లాడటం అయ్యాక "ఇగ కానియ్యండి" అనేది. నేను పరుగెత్తి మళ్ళీ నెట్ కలపాలి. కాలేజీ పిల్లలు, పంచాయతీ ఆఫీసు వాళ్ళు, బడి పంతుళ్ళు, ఎవరైనా అంతే. బడి గంటకు లేచినట్టు ఫోను గంటకు చేతులు లేచేవి.

ఇది చాలదన్నట్టు స్విచ్ బాక్సు సంగతి కనిపెట్టింది. ఒక వైరు పీకితే మిగతావాళ్ళకు పేజీ కొంచెం తొందరగా వస్తుందని ఎవరో ఆమె ముందు అన్నారు. ఆ అన్నవాళ్ళు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, తెలిస్తే వదిలేదాన్ని కాదు. "ఒక్క నల్లాకు నాలుగు బిందెలు పెడితే ఎవరి బిందె నిండుతదే?" అని, ఎవరి బిందె ముందు నిండాలో తీర్పు చెప్పడం మొదలుపెట్టింది. హాల్ టికెట్ వాళ్ళకు పెద్ద పీట. సినిమా బొమ్మలు చూసేవాళ్ళ వైరు పీకేసేది.

కలప డిపోలో పనిచేసే గుమాస్తా ఒకాయన రోజూ వచ్చి ఎవరితోనో చాటింగ్ చేసేవాడు. అతని వైరు మీద అత్తమ్మకు కక్ష. "గంటలు గంటలు ఎవరికి రాస్తున్నవయ్యా? మీ ఇంటామెకు ఎరుకేనా?" అని వంటింట్లోంచే అడిగేది. అతను ఎర్రబడిపోయి, పెద్దమ్మా వైరు పెట్టు అని బతిమాలేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అంటే, "కంద మన వంటింట్లకు వచ్చినంక దురద నాకు గాక ఎవరికి?" అనేది. పోనీ వైర్లన్నా సరిగ్గా తెలుసా అంటే అదీ లేదు. ఒకసారి గుమాస్తాదనుకుని పెద్ద కంప్యూటర్ వైరే పీకింది. పంతులుగారి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు గంగలో కలిసింది. ఎండాకాలంలో నలుగురి బరువు మోసి ఫోను కాలిపోతోందని జాలిపడి, దాన్ని తీసుకెళ్ళి రంజన్ మూత మీద చల్లగా ఉంటుందని పెట్టింది. మట్టికుండ చెమ్మంతా ఫోనులోకి దిగింది. ఆ ఫోను బియ్యం డబ్బాలో ఆరేదాకా సెంటర్ మూత. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో దుత్త లేదు, మౌసులుండేవి. ఎన్ని పగిలాయో!

ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక గట్టిగానే అడిగాను. ఎవరో ఊరుకాని ఊరి వాళ్ళ కాల్ ఒక్కటి ఎత్తకపోతే ఏం మునుగుతుంది అత్తమ్మా అని. ఆమె బెండకాయలు కోస్తున్నది ఆపలేదు.

"మా అయ్య నేలకొండపల్లి కాడ మా ఊర్ల సచ్చిపోతే, మా అన్న ఈడికి కబురు జెప్పాలని జూసిండు. ఈ పక్కూరి దుకాణపాయనకు ఫోన్ జేసిండు. ఆయన బేరంల ఉండి ఎత్తలే. ఎత్తలేకపోయిండు, ఏమనాలె? నేను పోయేసరికి బూడిదే. మొఖం జూడలే." కోసిన బెండకాయలు గిన్నెలోకి తోసి, "నూనె అయిపోయింది, జూస్కో" అంది.

ఆ రోజునుంచి నేను మారిపోయానని రాస్తే అబద్ధం. మర్నాడే మళ్ళీ పోట్లాడాను. కానీ నెట్ తెగినప్పుడు గొణగడం కొంచెం మెల్లగా గొణిగాను.

ఆమెను దవాఖానాకు తీసుకుపోయిన రోజు ఫోను నా చేతిలో పెట్టి, "నేనొచ్చేదాక నీది. ఎత్తకపోతే వచ్చినంక జెప్తా నీ సంగతి" అంది. అందుకే ఆ పరీక్ష కాల్స్.

ఇక ఆ రోజుకు వస్తాను. కబురు వచ్చినప్పుడు వంటింట్లో పెద్ద కంప్యూటర్ ముందు ఒక పిల్ల కూర్చుని ఉంది. వాగు అవతలి గూడెం పిల్ల. వాళ్ళమ్మ సంతలో చింతపండు అమ్ముతుంది. నర్సింగ్ కోర్సుకు దరఖాస్తు పెట్టడానికి ఆ సాయంత్రం అయిదుతో గడువు అయిపోతుంది. అడ్రస్ దగ్గర గూడెం పేరు, ఫోన్ నంబరు దగ్గర అత్తమ్మ నంబరు. ఫారం సగం నిండి ఉండగా నెట్ తెగింది.

శవాన్ని తీసుకుని మా ఆయన సాయంత్రానికి వస్తానన్నాడు. నేను ఆ పీట మీద కూలబడి ఏడ్చాను. ఆ పిల్ల లేచి నిలబడింది. "నేను పోతానక్కా. వచ్చే ఏడాది పెట్టుకుంట" అంది. ఎందుకో ఆ మాటకు నాకు ఏడుపు ఆగి కోపం వచ్చింది.

"కూసో! వచ్చే ఏడు నీకు సీటు దాచి పెడ్తరా?"

నెట్ కలిపాను. పేరు, తండ్రి పేరు నింపాం. ఫోను మోగింది. అత్తమ్మ చెల్లెలు. మళ్ళీ కలిపాను. మళ్ళీ మోగింది. పెద్దాడబిడ్డ. చావు కబురు ఎంత తొందరగా పాకుతుందో ఆ రోజు చూశాను. నింపడం, మోగడం, తెగడం. ఎత్తకుండా వదిలేద్దామంటే ఎట్లా వదలను? ఏ కాల్ అయినా వదిలేదాన్నేమో, ఆమె చావును గురించి అడిగే కాల్ వదలలేను. అప్పటికే వచ్చి కూర్చున్న పక్కింటి పెద్దావిడ, "చావు ఇంట్ల పొయ్యి కూడ ముట్టియ్యరు, ఈ డబ్బా ఏందే, బంద్ చెయ్" అని కసిరింది. నేను మళ్ళీ నెట్ కలిపాను.

అప్పుడు తోచింది ఒక్కటే. ఎత్తినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పాను. "అవ్, అత్తమ్మ పోయింది. పొద్దుమూకే ముందర తెస్తున్నరు. మిగతావాళ్ళకు మీరే చెప్పండి, ఇటు చెయ్యనియ్యకండి. ఒక పిల్ల ఫారం ఆగిపోతుంది." అత్త పోయిన రోజు కోడలు ఫారం గురించి మాట్లాడిందని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

కాల్స్ తగ్గాయి. పేజీ మాత్రం కదలడం లేదు. గడియారం వైపు చూడాలంటే భయమేసింది. అంతలో ముందు గదిలోంచి కలప డిపో గుమాస్తా వచ్చాడు. స్విచ్ బాక్సు దగ్గర వంగి, తన వైరు తనే పీకేశాడు. వెనకే ఇంకో ఇద్దరూ వచ్చి వాళ్ళవీ పీకారు. వైర్లు చేతుల్లో పట్టుకుని ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. పేజీ పైనుంచి కిందికి మెల్లగా, జల్లెడలోంచి పిండి రాలినట్టు దిగింది. దరఖాస్తు అందింది అని చూపించింది. ఆ పిల్ల కుర్చీ దిగి, అత్తమ్మ పీటను చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. బండి వచ్చే చప్పుడు వినపడేదాకా ఎవరూ కదల్లేదు.

దినాలు అయిపోయాక ఒక రోజు లైన్‌మన్ తాపీగా వచ్చి బ్రాడ్‌బ్యాండ్ వైరు లాగి వెళ్ళాడు. ఆమె ఉన్నప్పుడు ఎన్నిసార్లు తిరిగానో అతని చుట్టూ! ఇప్పుడు కంప్యూటర్లన్నీ ముందు గదిలోనే. వంటింట్లో పొయ్యి, డబ్బాలు, పీట. ఎవరూ తెంపరు, ఎవరూ పీకరు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే. ఏం చేసుకోను దీన్ని? ఇక అమ్మ సిమ్ తీసేద్దామా అని మా ఆయన అడిగాడు. "గూడేలోళ్ళకు కబుర్లు నువ్వు జెప్తవా?" అన్నాను. ఫోను కిటికీలోనే ఉంది.

నిన్న మధ్యాహ్నం అది మోగింది. ఫోనుకూ నెట్టుకూ ఇప్పుడు సంబంధం లేదని సెంటర్‌కు వచ్చే ప్రతివాళ్ళకూ చెప్పాను. వాళ్ళకూ తెలుసు. అయినా ముందు గదిలో టకటకలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గుమాస్తా చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కవాళ్ళూ అంతే.

ఫోనులో ఖమ్మంనుంచి నర్సింగ్ కాలేజీ వాళ్ళు. ఆ పిల్ల పేరు చెప్పి, ఉందా అని అడిగారు. లేదు, చెప్పండి, నేను చెప్తాను అన్నాను. సీటు వచ్చిందట. సోమవారం కాగితాలతో రావాలట. సంత దాకా ఆగితే ఆలస్యమవుతుంది, సాయంత్రం బస్సు కండక్టరుకే చెప్పి పంపాలి. అది ఇంకోసారి మనసులో అనుకుని ఫోను పెట్టేశాను.

"అక్కా," ముందు గదిలోంచి గుమాస్తా పిలిచాడు. "ఇగ టైపు కొట్టుకోవచ్చునా?"

"ఇగ కానియ్యండి" అన్నాను. ముందు గదికి వినపడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.