మధ్యాహ్నం పాడే కప్ప

పరిశోధనలో చేరిన మొదటి ఏడాదే నేను లోకానికి ఒక కొత్త కప్పను ప్రసాదించబోయాను. లోకం అదృష్టం బాగుండి తప్పించుకుంది. నేను మాత్రం తప్పించుకోలేకపోయాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. మా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు కాబట్టి మీ వల్ల కొత్తగా పోయే పరువేమీ లేదు.

పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ అయి, అప్పుడే పీహెచ్‌డీలో చేరాను. మెడలో 'రీసెర్చ్ స్కాలర్' అని రాసిన కార్డు పడగానే నా నడక మారిపోయిందని మా అమ్మ అంటుంది. పటమటలో మా సందు చివర కూరల బండి దగ్గరికి వెళ్ళాలన్నా ఆ కార్డు తగిలించుకునే వెళ్ళేదాన్ని. బెండకాయలు విరిచి చూసేటప్పుడు కూడా ఏదో శాంపిల్ పరీక్షిస్తున్నట్టే మొహం పెట్టేదాన్ని.

నా గైడు డాక్టర్ వసుంధర గారు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఈ వయసులోనూ చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాలి లోతు బురదలోకి దిగిపోతారు, మేమింకా గట్టు మీద చెప్పులు విప్పుతూ ఉంటాం. మేం ఏదైనా గొప్ప విషయం చెబితే కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "నువ్వు చూశావా?" అని అడుగుతారు. అంతే. ఆ ఒక్క ప్రశ్నకి పంక్చరైన సైకిల్ ట్యూబుల్లా కూలబడిపోయిన సిద్ధాంతాలు మా డిపార్ట్‌మెంట్‌లో చాలా ఉన్నాయి.

వరి పొలాల్లో పురుగుమందు కొట్టినప్పుడు కప్పల పరిస్థితి ఏమిటో తెలుసుకోవడం నా పని. కప్పల్ని లెక్కపెట్టడం అంత సులువు కాదు, హాజరు పిలిస్తే పలికే రకం కాదు అవి. అందుకని పొలంలో ఒక రికార్డరు పెడతాం. గంటకోసారి అదే మేలుకుని కాసేపు చుట్టుపక్కల శబ్దాలు పట్టుకుని మళ్ళీ పడుకుంటుంది. వారానికోసారి వెళ్ళి మెమరీ కార్డు తెచ్చుకుని ఏ కప్ప ఎప్పుడు అరిచిందో వినాలి.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, ఆటోలో లోపలికి వెళితే వచ్చే ఊళ్ళో సుబ్బారావు గారనే రైతు తన పొలంలో రికార్డరు పెట్టుకోనిచ్చారు. ఆయన భార్య రాజ్యం గారైతే నేను కప్పల కోసం అంత దూరం వస్తున్నానని జాలిపడి, వెళ్ళినప్పుడల్లా గ్లాసుడు మజ్జిగ చేతిలో పెట్టేది. రికార్డరు ఎండకి మాడకుండా, వానకి తడవకుండా ఉండాలని గట్టు పక్కనే ఉన్న గేదెల పాక గుంజకి కట్టాను. అది నా తెలివి. ఆ తెలివిని కాస్త గుర్తుపెట్టుకోండి.

సార్వా నాట్లు పడి, వానలు అందుకున్నాక ఒకరోజు ల్యాబులో కూర్చుని వింటున్నాను. రాత్రి గంటల్లో మామూలు కప్పలు మామూలుగా అరుస్తున్నాయి. విసుగొచ్చి మధ్యాహ్నానివి పెట్టాను. అప్పుడు వినిపించింది.

"గుర్ర్ర్ర్..." అని ఎక్కడో పాతాళంలో మొదలై, మెల్లగా పైకి లేచి, చటుక్కున ఆగిపోయింది. ప్రపంచం ఊపిరి బిగబట్టినంత నిశ్శబ్దం. ఆ తర్వాత సన్నగా, "ఫ్యూ..."

నా ఒళ్ళు గగుర్పొడిచింది. మర్నాడు మధ్యాహ్నానిది పెట్టాను. ఉంది. ఆ మర్నాడు, ఉంది. సరిగ్గా భోజనాల వేళ దాటాకే మొదలవుతుంది, ఎండ వాలేసరికి ఆగిపోతుంది. కప్పలు సాధారణంగా పొద్దుగూకాక కదా అరిచేది? ఇది పట్టపగలు పాడుతోంది. సాయంత్రానికల్లా నా సిద్ధాంతం సిద్ధమైపోయింది. వేడెక్కిపోతున్న వాతావరణానికీ, పురుగుమందులకీ తట్టుకోలేక తన వేళలే మార్చుకున్న కొత్త జాతి కప్ప ఇది. 'గుర్ర్' అనేది మగది. 'ఫ్యూ' అని బదులిచ్చేది ఆడది. అంటే అది యుగళగీతం.

పక్క బల్ల దగ్గర మా సీనియర్ రఘు ఉన్నాడు. హెడ్‌ఫోన్లు అతని చెవులకి తగిలించాను.

"మోటారేమో కృపా," అన్నాడు.

"మోటారు ఇంత భావంతో పాడుతుందా?"

"బేరింగు పోతే పాడుతుంది."

అసూయ అనుకున్నాను. గొప్పవాళ్ళందరూ ఇలాంటివి దాటుకునే వచ్చారని నన్ను నేను ఓదార్చుకున్నాను.

ఆ వారం ఒక్క శుక్రవారం మాత్రం ఆ కప్ప పాడలేదు. సుబ్బారావు గారికి ఫోన్ చేసి కనుక్కుంటే, ముందు రోజే పక్క చేలో మందు కొట్టారని చెప్పారు. ఇంకేం కావాలి? 'మందు ఘాటుకి మూగబోయిన కప్ప' అని పెద్ద అక్షరాలతో ఒక స్లైడు తయారుచేశాను. దాని పక్కన పెట్టిన గ్రాఫు చూసి నాకే కళ్ళు చెమర్చాయి.

వసుంధర మేడం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పి, చివర్లో వినయంగా, "దీనికి మీ పేరు పెడదామనుకుంటున్నాను మేడం," అన్నాను.

"కప్పకా?"

"అవును మేడం. వసుంధర అంటే భూమి కూడా కదా."

ఆవిడ రికార్డింగు విన్నారు. ఒకసారి కాదు, మళ్ళీ పెట్టించుకుని విన్నారు. పెదవి చివర ఏదో కదిలింది కానీ బయటపడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నువ్వు చూశావా?" అన్నారు.

"దాదాపు చూశాను మేడం."

"పూర్తిగా చూశాక పేరు పెడదాం. నా పోలికలు ఉన్నాయో లేవో కూడా తెలుస్తుంది."

ఇంట్లో అమ్మకి చెప్పాను. అమ్మ పాస్టర్ గారికి చెప్పింది. ఆ ఆదివారం చర్చిలో జబ్బుపడ్డవాళ్ళ కోసం, పరీక్షలు రాసేవాళ్ళ కోసం ప్రార్థన అయ్యాక, "మా బిడ్డ కృపకు కనపరచిన ఆ చిన్న ప్రాణిని కాపాడుము ప్రభువా," అని పాస్టర్ గారు వేడుకున్నారు. సంఘమంతా ఆమెన్ అంది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

తర్వాతి వారమే నా మొదటి రివ్యూ. అది బాగా జరిగితేనే పరిశోధన ముందుకి సాగేది. కప్పల మీద జీవితమంతా పనిచేసిన పెద్ద ప్రొఫెసర్ ఒకాయన బయటి నుంచి వచ్చారు. నేను స్లైడ్లన్నీ చూపించి, చివర్లో పెళ్ళివారికి స్వీటు వడ్డించినట్టు ఆ శబ్దం వినిపించాను. హాలంతా గుర్రుమంది. ఆయన కళ్ళు మూసుకుని, తల పక్కకి వంచి, చాలాసేపు విన్నారు.

"చిన్నప్పట్నుంచీ కప్పల్ని వింటున్నానమ్మా," అన్నారు చివరికి. "ఇలా పాడే కప్పని ఇంతవరకూ వినలేదు."

ఆయన ఉన్నమాటే అన్నారు. నేను దాన్ని సన్మానపత్రంలా తీసుకున్నాను.

"చూపించగలవా?" అని అడిగారాయన.

"రేపే చూపిస్తాను సార్," అనేశాను. మేడం నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఈత రాని పిల్ల కాలవలోకి దూకుతుంటే ఒడ్డున నిలబడి, దూకనిచ్చి, తాను కూడా కొంగు బిగించుకునే చూపు అది.

మర్నాడు మేడం, సార్, రఘు, నేను వ్యాన్లో బయల్దేరాం. నా చేతిలో కొత్తగా కొన్న వల, మూతకి చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా. రాజ్యం గారు మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసి, భోంచేయందే పొలానికి కదలనివ్వనంది. ముద్దపప్పు, గోంగూర, చేపల పులుసు. వద్దన్న కొద్దీ వడ్డించింది. "కప్పలెక్కడికీ పోవు, తినండి సార్," అని పెద్దాయనకి ఇంకో చేపముక్క వేసింది. అందరి భోజనాలూ అయ్యాక, గేదె ఈనే రోజులు దగ్గరపడ్డాయని, చూసొస్తానని వెళ్ళిపోయింది.

మేం గట్టు మీద బారుగా కూర్చున్నాం. సార్ బూట్లు విప్పేసి పాదాలు నీళ్ళలో పెట్టుకున్నారు. ఎండ మాడ్చేస్తోంది. వరి దుబ్బుల మధ్య ఒక్క చప్పుడు లేదు. 

"గుర్ర్ర్ర్..."

నేను సార్ వైపు విజయగర్వంతో చూశాను. నిశ్శబ్దం. "ఫ్యూ..."

సార్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పొలం వైపు తిరిగారు. తర్వాత ఇటు తిరిగారు. "పొలంలోంచి కాదమ్మా. వెనక నుంచి."

నిజమే, పాక వైపు నుంచి. బహుశా పాక చూరులో ఉండే జాతి అన్నమాట. నా సిద్ధాంతం అక్కడికక్కడే ఇంకో మెట్టెక్కింది. నోటి మీద వేలు పెట్టుకుని అందరికీ సైగ చేసి, వల ముందుకి చాచి, మునివేళ్ళ మీద నడిచాను. నా వెనక సార్, ఆయన వెనక మేడం, చివర్న డబ్బా పట్టుకుని రఘు. తాటాకు తడిక దాటి వల లోపలికి పెట్టి, దాని వెనకే తల పెట్టాను.

ప్లాస్టిక్ నవారు మంచం మీద రాజ్యం గారు వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. తల దగ్గర గుంజకి నా రికార్డరు. పక్కన గేదె నెమరేస్తూ మమ్మల్ని తేరిపార చూస్తోంది.

"గుర్ర్ర్ర్..." అంది రాజ్యం గారు. ఆగింది. "ఫ్యూ..."

మగదీ ఆవిడే, ఆడదీ ఆవిడే.

వెనక్కి తిరిగే ధైర్యం లేదు, ముందుకెళ్ళే పని లేదు. నా చేతిలో వల సరిగ్గా ఆవిడ మొహం మీద వేలాడుతోంది. అప్పుడే ఆవిడ కళ్ళు తెరిచింది. ముందు వలని చూసింది, ఆ తర్వాత నన్ను, నా వెనక వరసగా ఉన్న తలల్ని చూసింది.

"ఏంటమ్మా, దోమతెరా?" అంది.

"కాదు పిన్నిగారూ, కప్ప కోసం..."

"దొరికిందా?"

నేను వల వెనక్కి లాక్కున్నాను. మేడం ముందుకొచ్చి, "విన్నామండి. చాలా దగ్గర నుంచి విన్నాం," అన్నారు.

"నేనిక్కడే ఉన్నాగా, నాకేం వినపళ్ళేదే."

"మీకు కాస్త కునుకు పట్టిందేమో."

"నాకా? పగలు కన్ను మూసే అలవాటే లేదండి. ఇలా నడుం వాల్చానంతే. రోజూ ఈ టైముకి ఇక్కడే ఉంటాను. మొన్న శుక్రవారం ఒక్కరోజే, గుడివాడలో పెళ్ళికెళ్ళి రాలేకపోయా."

శుక్రవారం. పెద్ద అక్షరాల స్లైడు, కళ్ళు చెమర్చిన గ్రాఫు, అన్నీ నా కళ్ళముందు గోదాట్లో కలిసిపోయాయి. మాది కృష్ణా జిల్లా అయినా, ఆ క్షణంలో కృష్ణ సరిపోలేదు.

అంతలో రాజ్యం గారు లేచి కూర్చుని ముడి వేసుకుంటూ, "ఏదమ్మా, ఆ అరుపేదో నాకూ వినిపించు. మా పొలంలో కప్ప, మేం వినకపోతే ఎలా?" అంది.

రఘు పొలం వైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. సార్ చాలా శ్రద్ధగా గేదెని పరిశీలిస్తున్నారు. ఇంతకాలం మజ్జిగ పోసిన మనిషిని ఆవిడ ఇంట్లోనే, ఇంతమంది ముందు సిగ్గుపడేలా చేయబోతున్నానని నాకు చెమటలు పోశాయి. నా రివ్యూ సంగతి కూడా మర్చిపోయాను.

మేడం తొణకలేదు. "వినిపించకూడదండి," అన్నారు ఎంతో గౌరవంగా. "అరుదైన ప్రాణుల విషయంలో అదొక పద్ధతి. ఎక్కడుందో బయటికి చెప్పం, గొంతు ఎవరికీ వినిపించం. వాటి రక్షణ కోసం."

"అంత అరుదైందా?"

"ఇలాంటిది ఇంకోటి లేదండి."

రాజ్యం గారి మొహం వెలిగిపోయింది. "అయితే దాని జోలికి ఎవరూ రాకుండా నేను చూసుకుంటాలెండి," అంది.

తిరుగు ప్రయాణంలో నేను వలని మడిచి సీటు కిందకి తోసేశాను. ముందుగా సార్ మాట్లాడారు. "రాత్రి రికార్డింగుల్లో మామూలు కప్పలు ఎన్ని రకాలున్నాయో విన్నావామ్మా? అవి బంగారం. ఒక్క కప్ప మోజులో పడి వాటిని వదిలేశావు. వాటి మీద పనిచెయ్యి, నేను చదువుతాను." ఆ మాటతో నా రివ్యూ గట్టెక్కింది. ఆ మామూలు కప్పలే ఈ రోజుకీ నాకు అన్నం పెడుతున్నాయి.

వ్యాన్ దిగాక మేడంని ఆపి అడిగాను. "మీకు ముందే తెలుసా మేడం?"

"అనుమానం వచ్చింది. మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంది. హాల్లో, సోఫా మీద పాడుతుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను చూడలేదుగా కృపా," అన్నారు.

ఆ మాట నాకిప్పటికీ పాఠంలా కాదు, ఒక అందమైన వస్తువులా గుర్తుంటుంది. మా అందరినీ అడిగే ప్రశ్న ఆవిడ ముందు తనని తాను అడుగుతారని ఆ రోజే తెలిసింది.

తర్వాతి వారం రికార్డరుని పాకకి దూరంగా, పొలం అవతలి గట్టుకి మార్చడానికి వెళ్ళాను. తిరిగొస్తుంటే సుబ్బారావు గారు ఆటో దాకా సాగనంపడానికి వచ్చారు. ఇల్లు కనుమరుగయ్యాక వెనక్కి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"అమ్మాయ్, ఆ మధ్యాహ్నం రికార్డు నా ఫోనుకి పంపిస్తావా?"

"ఎందుకు బాబాయిగారూ?"

"మా ఆవిడ ఆ కప్ప సంగతి చెప్పగానే అదేంటో నాకు అర్థమైపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతున్నానమ్మా, ఒప్పుకోదు. పైగా గురక నాదేనంటుంది. మనం చెబితే వినదు గానీ, సైన్సు చెబితే వింటుంది."

పరిశోధకురాలిగా నా మీద మోపిన మొదటి నిజమైన బాధ్యత అది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, "కుదరదండి. అరుదైన ప్రాణి," అన్నాను.

ఆయన, "నిన్ను కూడా కలిపేసుకుందన్నమాట," అని నిట్టూర్చి ఆటో ఎక్కించారు.

ఆ ఆటోలోనే, డ్రైవరు సాక్షిగా, కుడిచెయ్యి చాచి శపథం చేశాను. బతికినంతకాలం కృష్ణా డెల్టాలో, ఏ ఇంట్లోనైనా సరే, అన్నాలు తిన్నాక కాఫీలు తాగేదాకా ఏ కొత్త జీవినీ కనిపెట్టనని. చెయ్యి చాచింది చూసి డ్రైవరు ఆటో ఆపి, ఇక్కడే దిగుతారా మేడం అని అడిగాడు.