చెవిలో చెప్పే మాట

పోయిన వారం కళ్ళు చూపించుకుందామని నాగర్‌కర్నూల్‌లోని కంటి దవాఖానకు వెళ్ళాను. చుక్కల మందు వేసి కాసేపు కళ్ళు మూసుకొని కూర్చోమన్నారు. ఎదురుగా గోడ మీది టీవీలో ఏదో పాత సినిమా నడుస్తోంది. కళ్ళు మూసుకున్నంత మాత్రాన చెవులు మూతపడవు కదా. పసిపిల్ల ఏడుపు వినపడింది. "అమ్మా, అమ్మా" అని ఎక్కిళ్ళు పెట్టే ఆ గొంతును నేనెక్కడున్నా గుర్తుపడతాను. అది మా పెద్దమ్మ కూతురిది. పక్కన కూర్చున్నావిడ కొంగుతో ముక్కు తుడుచుకొని, "పసిపోరి ఎంత మంచిగ చేసింది సూడమ్మ, పానమంత గుంజుతుంది" అంది.  నేనైతే మందు సంగతి మరిచిపోయి కళ్ళు తెరిచి, "జర ఆ టీవీ బందు చేయుండ్రి" అని కాంపౌండర్ మీద అరిచాను. నేను రావలసిన దవాఖాన ఇది కాదని ఆవిడకు అనిపించినట్టుంది, సంచీ తీసుకొని రెండు కుర్చీలు అవతలికి జరిగింది.

పెద్దమ్మ వాళ్ళది గద్వాల. పెద్దనాన్న తాలూకాఫీసులో గుమస్తా. బొద్దుగా, తెల్లగా, కొత్తవాళ్ళెవరు పలకరించినా జంకకుండా మాట్లాడే కూతుర్ని చూసి ఎవరో మద్రాసుకు తీసుకుపొమ్మని సలహా ఇచ్చారట. తీసుకుపోయాడు. పిల్ల సినిమాల్లో చేరింది, ఆయన ఉద్యోగం మానేసి సఫారీ బట్టల్లో చేరాడు. పెద్దమ్మ మాత్రం పొలమూ బర్రెలూ చూసుకుంటూ గద్వాలలోనే ఉండిపోయింది. షూటింగులు లేనప్పుడు అక్క వస్తే వీధి వీధంతా వాళ్ళ అరుగు మీదే. నాకంటే ఏడాదే పెద్దది, అయినా 'అక్కా' అనకపోతే మా అమ్మ చేతిలో నా వీపు పగిలేది. లేసు గౌను, మెడ వెనక ఎంత రుద్దినా పోని మేకప్ రంగు, జొన్నరొట్టె చూస్తే ముఖం ముడుచుకోవడం. మా మాటలో దొర్లే కన్నడం ముక్కల్ని పంతుల్ని పెట్టి మాన్పించారట, వాచకం చదివినట్టు మాట్లాడేది. మేం చాటుకు పోయి నవ్వుకునేవాళ్ళం. అరుగు మీది పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు "బిడ్డా, జర ఏడ్చి సూపియ్" అనేవారు. ఏడ్చి చూపించేది.

ఆ ఏడుపు ఎక్కడి నుంచి వస్తుందో పెద్దనాన్నే మా ఇంట్లో భోజనం చేస్తూ చెప్పాడు. "గ్లిజరిన్ గిట్ల ఏం అక్కర్లేదు. చెవుల 'మీ అమ్మ సచ్చిపోయింది' అంటె సాలు, బొటబొట కారుస్తది. డైరెక్టర్లే పరేషానైతరు" అని మూలుగ బొక్క చీకుతూ అన్నాడు. "ప్రతిసారి నమ్ముతదా బావా?" అని మా అమ్మ అడిగింది. "అది మద్రాసుల, తల్లి గద్వాలల. నమ్మక ఏం చేస్తది?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. వడ్డిస్తున్న పెద్దమ్మ కూడా నవ్వి, "సినిమాకొకపారి నన్ను సంపుతరు" అని గొప్పగా చెప్పుకుంది. అక్క తల వంచుకొని అన్నం కెలుకుతోంది. అప్పుడు నాకూ నవ్వులాటగానే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన వేళ్ళు నాకిన చప్పుడు కూడా రోతగా వినిపిస్తుంది.

పొడుగు పెరిగాక అక్కకు వేషాలు తగ్గాయి. కొన్నాళ్ళు హీరో చెల్లెలు, కొన్నాళ్ళు హీరోయిన్ స్నేహితురాలు, ఆ తర్వాత అదీ లేదు. తెలివిగలది కాబట్టి హైదరాబాదులో టీవీ సీరియళ్ళు తీయడం మొదలుపెట్టి నిర్మాతగా నిలదొక్కుకుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో పెద్దమ్మ పోయింది. ఫోన్ చేసి చెప్పింది నేనే.  అక్క మామూలు గొంతుతో, "నీకెవరు చెప్పమన్నరే?" అని అడిగింది. ఒట్టు వేశాను, ఏడ్చాను, ఫోన్ మా ఆయనకిచ్చాను. నమ్మలేదు. మర్నాడు వచ్చేసరికి దహనం అయిపోయింది. పెద్దమ్మ పడుకునే మంచం దగ్గర నిలబడి, "అయితే ఈపారి నిజమే" అంది. కంట చుక్క నీరు లేదు. చుట్టాలంతా ఆడిపోసుకున్నారు. నేను మాత్రం ఆ రోజు ఆమె తరఫున అందరితో పోట్లాడాను.

అందుకే కొన్నేళ్ళకు సినిమా తీస్తున్నానంటూ వనపర్తిలో మా ఇంటికి వచ్చినప్పుడు సంతోషించాను. కరువు మీద, వలసల మీద మంచి సినిమా అట, పాటలూ ఫైటింగులూ ఉండవట. తెలకపల్లి దగ్గర ఒక ఊళ్ళో షూటింగ్, నన్నూ తోడు తీసుకుపోయింది. ఆ ఊరి పిల్లనే ఒకదాన్ని ఎంచుకున్నారు. తల్లిదండ్రులు బొంబాయి పనికి పోయారు, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. పిట్టలా తిరిగేది, కెమెరా అద్దంలో తొంగిచూసి నాలుక బయటపెట్టేది. ఏడవమంటే నవ్వేది. గ్లిజరిన్ పెడితే కళ్ళు నులుముకొని ఇంకా నవ్వేది. పొద్దు వాలుతోంది, డైరెక్టరు విసుక్కుంటున్నాడు. అక్క లేచింది. పిల్ల ముందు గొంతుక్కూర్చొని, తల నిమిరి, చెవి దగ్గర నోరు పెట్టింది.

ఏం చెప్పిందో నాకు వినపడలేదు. వినక్కర్లేదు కూడా. పిల్ల ముఖం చూస్తే చాలు. కెమెరా తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల ఆగలేదు, ఏడుస్తూ ఊళ్ళోకి పరుగెత్తింది. ఆ ఊళ్ళో బొంబాయి చావు కబుర్లు ఎప్పుడూ అట్లాగే వస్తాయి, మేస్త్రీ తరఫున ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళు జీపులో వచ్చి చెప్పిపోతారు. ఈ సినిమావాళ్ళూ జీపుల్లో వచ్చినవాళ్ళే. మేం వెళ్ళేసరికి చుట్టుపక్కల పొయ్యిలు ఆర్పేశారు. ఆడవాళ్ళు తలమీద నీళ్ళు పోసుకొని తడి చీరలతో గుమిగూడారు. ముసలమ్మ నేల మీద కూర్చొని, "నా కోడలా, ముసల్తనంల నాకు బువ్వెవరు పెడతరే" అని గుండెలు బాదుకుంటోంది. అబద్ధమని చెప్పడానికి నేను ముందుకు అడుగు వేశాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జర ఆగు. షాట్ కానియ్."

వెనక్కి తిరిగి చూస్తే కెమెరా వచ్చి నిలబడి ఉంది. ఛీ, అనిపించింది. చెయ్యి విదిలించుకొని కెమెరాకు అడ్డంగా పోయి, "అవ్వా, నీ కోడలు బతికే ఉంది, సినిమా కోసం ఉత్తగ చెప్పిండ్రు" అని అరిచాను. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "సచ్చిందన్నదీ మీరే, బతికిందంటున్నదీ మీరే. నేనేది నమ్మాలె?" అంది. అక్క నవ్వుతూ వచ్చి, "చావు కబురొస్తె ఆయుష్షు పెరుగుతదంటరు కద అవ్వా" అంది. తిరిగి వనపర్తి చేరేదాకా నేను ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు ఆమె పెట్టె నేనే తెచ్చి వాకిట్లో పెట్టాను. సినిమాలో నేను అడ్డుపడ్డ ముక్క కోసేసి మిగతా ఏడుపంతా ఉంచుకున్నారు. దానికి మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి.

ఆ తల్లి పని చేసేచోట ఫోన్ లేదు. ఆమె పీర్ల పండుగకు వచ్చేదాకా నిజమేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వచ్చిందని విని చూడబోయాను. ముసలమ్మ కోడల్ని తడిమి తడిమి చూసుకుంటోంది. తల్లి గాజుల పెట్టె చూపించి పిలుస్తోంది. పిల్ల గుమ్మం వెనక నుంచి కదల్లేదు. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని ఎవరో చెప్పారట, తల్లి పాదాలకేసే చూస్తోంది. "నేనేనే, మీ అమ్మనే" అని తల్లి దగ్గరికి జరిగితే, "నీకెవరు చెప్పమన్నరు?" అంది.

ఇంటికి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. నోటికి వచ్చిందంతా తిట్టాలనే చేశాను. ముందు పిల్ల ఏమందో చెప్పాను. ఓదారుస్తున్నట్టుగా, "పరేషాన్ కాకే. నాకు గూడ గట్లనే ఉండె. రెండు మూడేండ్లల్ల అలవాటైతది" అంది. ఫోన్ పెట్టేశాను. కాలమే అన్నీ మాన్పుతుందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అక్కకు కాలం ఒక జీవితమంత వ్యవధి ఇచ్చింది. ఆ వ్యవధిలో ఆమె నేర్చుకున్నదల్లా ఆ మాటను ఇంకో పిల్ల చెవిలో చెప్పడమే.